చెయ్యి ఎవరిదో డండా వాళ్ళదే కావాలి

పోయిన ఈద్‌కి మా మామూ దుబాయ్ నుంచి వస్తూ ఒక పొడుగాటి డబ్బా తెచ్చాడు. మా అన్న కొడుక్కి తోఫా. విప్పి చూస్తే నల్లగా మెరిసే గోల్ఫ్ డ్రైవర్. మొదటి దెబ్బకి బంతిని దూరంగా కొట్టే క్లబ్బును డ్రైవర్ అంటారు. దాని షాఫ్ట్ మీద, అంటే డండా మీద, 'ఎక్స్' అని ఒక అక్షరం ఉంది. "పెద్ద పెద్ద ప్లేయర్లు ఆడే మాల్ బేటా ఇది" అన్నాడు మామూ. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం.

మా పోరడికి పదహారేళ్ళు. గోల్కొండ నయా ఖిలాలో, హాథియోఁకా ఝాడ్ ఉన్న వైపే గోల్ఫ్ మైదానం ఉంది కదా, అక్కడే వాడికి ఈ షౌఖ్ పట్టింది. ఏడాదిగా అడిగి తెచ్చుకున్న పాత క్లబ్బుతో బాగానే కొడుతున్నాడు. తోఫా చేతికొచ్చాక ఆట తిరగబడింది. బంతి లేవదు. లేచినా కుడివైపుకి పోతుంది. ఇంకా జోర్‌గా కొట్టాడు. మూడు నెలలకి మోచెయ్యి నొప్పి మొదలైంది. ఒక రాత్రి నా పక్కన కూర్చుని "నాకు హునర్ లేదు చిచ్చా, వదిలేస్తా" అన్నాడు. నొప్పి సంగతి అబ్బాకి చెప్పలేదంట. మామూ దిల్ నొచ్చుకుంటుందని భయం.

మా గల్లీలో ముప్పై ఏళ్ళు క్యాడీగా సంచీలు మోసిన బడే మియా ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గరికి తీసుకుపోయాను. నాలుగు దెబ్బలు చూశారు. డండా మీద అక్షరం చూసి నవ్వారు. "పహిల్వాన్ షేర్వానీ తొడిగిస్తే పోరడు పహిల్వాన్ అయితడా?" అన్నారు. తెలిసినవాళ్ళ దగ్గర 'ఆర్' అని రాసున్న డ్రైవర్ తెప్పించి ఇచ్చారు. ఐదో బంతికి పోరడి ముఖంలో రౌనక్ వచ్చింది.

నేను చెప్పదలచింది ఒక్కటే. గోల్ఫ్‌లో డండాని మన ఇజ్జత్ చూసి కాదు, మన చెయ్యి చూసి ఎంచుకోవాలి. గట్టి డండా మగతనానికి నిషానీ అనుకోవడం పెద్ద గలత్‌ఫహ్మీ.

సంగతేమిటంటే, డండా ఎంత గట్టిదో చెప్పడానికి ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అని అక్షరాలు వేస్తారు. ఎల్ బాగా మెత్తన, ఎక్స్ బాగా గట్టి. డ్రైవర్ ఊపే వేగం గంటకి 85 నుంచి 95 మైళ్ళ మధ్య ఉంటే ఆర్, 95 నుంచి 105 దాకా ఎస్, ఆ పైన ఎక్స్ అని ఒక మోటు హిసాబ్ ఉంది. 85 లోపు వాళ్ళకి ఏ, ఇంకా నెమ్మదైతే ఎల్. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే మగవాళ్ళ సగటు వేగం 115 మైళ్ళకి దగ్గరగా ఉంటుంది. ఎక్స్ అలాంటి చేతుల కోసం. మన పోరలు ఎంతమంది ఆ వేగంతో ఊపుతారు?

చేతికి మించి గట్టిదైతే కుడిచేతివాటం వాళ్ళ బంతి మామూలుగా కిందుగా, కుడికి పోతుంది. మరీ మెత్తనైతే పైకి లేచి ఎడమకి తిరుగుతుంది, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన ఉండదు. కానీ వేగం ఒక్కటే చూస్తే సరిపోదు, మిజాజ్ కూడా చూడాలి. ఒకే వేగం ఉన్న ఇద్దరిలో ఒకడు పైనుంచి ఝట్కాగా లాగుతాడు, ఇంకొకడు సుకూన్‌గా దించుతాడు. లాగేవాడికి కాస్త గట్టిదో బరువుదో నప్పుతుంది, దించేవాడికి మెత్తనిది నప్పుతుంది.

బరువు కూడా చిన్న విషయం కాదు. ఐరన్ క్లబ్బులకి వేసే స్టీల్ డండాలు చాలావరకు 90 నుంచి 130 గ్రాములు ఉంటాయి. గ్రాఫైట్‌వి అంతకన్నా తేలిక. మోకాళ్ళు, భుజాలు నొచ్చే పెద్దవాళ్ళకి గ్రాఫైట్ ఆరామ్. అది తీసుకుంటే ఇజ్జత్ ఏం పోదు.

ఇంకో మాట. ఈ అక్షరాలకి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ అంత గట్టిగా ఉండొచ్చు. అందుకే అక్షరం నమ్మి కొనకండి, కొట్టి చూసి కొనండి.

మన ఇళ్ళల్లో ఇంకో అలవాటు ఉంది. అన్న కుర్తాని కుట్టి తమ్ముడికి వేసినట్టు, పెద్దవాళ్ళ క్లబ్బుని కోసి చిన్నపిల్లలకి ఇవ్వడం. కుర్తాకి నడుస్తుంది గానీ క్లబ్బుకి నడవదు. కోస్తే డండా ఇంకా గట్టిపడుతుంది. కింద తలకాయ బరువు పెద్దవాళ్ళదే ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లాడు దాన్ని ఊపలేక ఒళ్ళంతా వంకర్లు తిప్పుతాడు. ఆ వంకరే అలవాటైపోతుంది. పిల్లల కోసమే చేసిన తేలిక క్లబ్బు సెకండ్ హ్యాండ్‌ది ఒక్కటి కొనిచ్చినా మేలు.

"గోల్ఫ్ అమీర్ల ఆట, మనకెందుకు భాయ్ ఈ లెక్కలు" అనేవాళ్ళు ఉంటారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైనవాడు. ఆ ట్రోఫీ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. 1993లో మళ్ళీ గెలిచాడు. ఆట ఎవరి జాగీరూ కాదు. ఇక లెక్కలంటారా, అవి అమీర్లకన్నా మనకే ఎక్కువ జరూరత్. వాళ్ళు ఒకటి గలత్ అయితే ఇంకొకటి కొంటారు. మనం ఒక్కసారే కొంటాం.

కాబట్టి కొనేముందు వేగం కొలిచే మెషీన్ ఉన్న చోట ఒక పూట కొట్టించండి. దానికయ్యే ఖర్చు తప్పు డ్రైవర్ ఖరీదులో చిన్న వంతు. మెషీన్ దొరక్కపోతే తెలిసిన ఉస్తాద్‌ని పక్కన నిలబెట్టి, రెండు మూడు రకాల డండాలతో పదేసి బంతులు కొట్టించండి. అన్నిటికన్నా దూరం పోయిన ఒక్క బంతిని చూడకండి. పదిలో ఎక్కువ బంతులు ఒకే చోట ఏ డండాతో పడుతున్నాయో అది తీసుకోండి. పిల్లలు పెరిగేకొద్దీ ఏడాదికోసారి మళ్ళీ చూడండి.

పరదేశం నుంచి తోఫా పంపే అన్నలకి, మామూలకి ఒక గుజారిష్. డబ్బా కొనేముందు ఒక్క ఫోన్ చెయ్యండి. "బేటా, ఏ అక్షరం?" అని అడగండి.

మా మామూకి ఫోన్‌లో అంతా చెప్పాను. కాసేపు ఖామోష్‌గా ఉన్నాడు. తర్వాత "మోచెయ్యి ఎట్లుంది ఇప్పుడు?" అని అడిగాడు. డ్రైవర్ అమ్మలేదు. తలకాయ అదే ఉంచి, ఎక్స్ డండా తీయించి ఆర్ డండా వేయించాం. మూడు వారాలు చేతికి ఆరామ్ ఇచ్చి పోరడు మళ్ళీ మైదానానికి పోతున్నాడు. తోఫా తోఫాగానే ఉంది, ఇప్పుడు అది వాడి చేతికి సరిపోతోంది.