ఉక్కు మీది వ్రాత

ఫోర్సైత్ కౌంటీకి ముఖ్యపట్టణమైన మన కమ్మింగ్ పరిసరాల్లో పాత సైనిక తుపాకులను సేకరించే అభిరుచి గలవారు తెలుగువారికి తారసపడుతూనే ఉంటారు. అమెరికాకు చేరిన అటువంటి తుపాకులలో మన దేశపు ఇషాపూర్‌లో తయారైన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు కూడా ఉన్నాయి. కొందరు వాటిని గరుకు కాగితంతో రుద్ది, ముద్రలు చెరిగిపోయేదాకా మెరుగు పెడతారు. అది ఎంతమాత్రమూ తగదని నా అభిప్రాయం.

హుగ్లీ తీరాన ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం 1904లో ప్రారంభమైంది. స్వాతంత్ర్యానికి పూర్వపు రైఫిళ్ళలో అనేకం మీద, బోల్టు పిడికి దిగువనున్న ఉక్కు పట్టీపై, కిరీటము, 'జి.ఆర్.ఐ.' అనే అక్షరాలు కనిపిస్తాయి. 'రాజు, చక్రవర్తి అయిన జార్జి' అని ఆ లాటిన్ మాటల అర్థం. స్వాతంత్ర్యానంతరం కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. కర్మాగారం అదే, ప్రభువు మారాడు. ఆ సంగతి ఉక్కే చెబుతుంది.

ఇది చరిత్రకే పరిమితమైన విషయం కాదు. 1962 నాటి చైనా యుద్ధం తరువాత ఇదే నమూనాలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగిన 2ఎ, 2ఎ1 రకాలు తయారయ్యాయి. పాత .303 రకానికీ వీటికీ పోలిక ఎక్కువ. తూటా మారితే ప్రమాదం. 'డి.పి.' అన్న ముద్ర ఉంటే అది కవాతుకే గాని కాల్చడానికి పనికిరాదని హెచ్చరిక. ఆ రెండక్షరాలు చెరిపితే తరువాతి యజమాని ప్రాణానికే ముప్పు. సీరియల్ సంఖ్యను చెరపడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం కూడా.

ముద్ర వేసినపుడు పైన గుంట పడటమే గాక, అడుగునున్న లోహపు స్ఫటికాలు కూడా నలుగుతాయి. నలిగిన లోహం రసాయనాలతో త్వరగా చర్య జరుపుతుంది. అందుకే అరగదీసిన సంఖ్యపై క్యూప్రిక్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావణం పూసి, నేరపరిశోధక శాస్త్రజ్ఞులు దానిని తిరిగి కనిపింపజేయగలుగుతున్నారు. అయితే నలిగిన పొర కూడా అరిగిపోతే ఏ రసాయనమూ దానిని తిరిగి తేలేదు.

కనుక తుప్పును నూనెగుడ్డతో తుడవండి. ముద్రలను చదివి వ్రాసిపెట్టుకోండి. అర్థం కానివాటిని నిపుణులకు చూపండి. అమ్మమ్మగారి ఇత్తడి బిందెను చింతపండుతో తోముతాము. ఆ పులుపు చిలుమును కరిగిస్తుంది, దానిపై చెక్కించిన పేరు నిలుస్తుంది. ఆ బిందెను ఎవరమూ ఆకురాయితో అరగదీయము కదా!