మామునూరు: నిర్వహణ హక్కులు చేతులు మారకముందే

వరంగల్ సమీపంలోని మామునూరు విమానాశ్రయానికి కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వ శాఖ 2025 ఫిబ్రవరి 28న అనుమతి ఇచ్చింది. అంతకుముందే, 2024 నవంబరులో, రాష్ట్ర ప్రభుత్వం 253 ఎకరాల అదనపు భూసేకరణకు 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఇప్పటికే ఉన్న దాదాపు 700 ఎకరాలకు ఈ భూమి తోడవుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రజలు దశాబ్దాలుగా ఎదురుచూసిన ఘడియ ఇది. ఈ నిర్ణయాన్ని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. అయితే స్వాగతంతో పాటు ఒక ప్రశ్ననూ ముందుంచడం మా బాధ్యత. ప్రజల భూమితో, ప్రజల సొమ్ముతో సిద్ధమవుతున్న ఈ విమానాశ్రయం రేపు ఎవరి నిర్వహణలోకి వెళుతుంది? ఏ షరతులపై వెళుతుంది? ఆ షరతులు రాసేనాడు మన మాట వినేవారెవరు?

మామునూరు కొత్తగా పుట్టిన విమానాశ్రయం కాదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1930 ప్రాంతంలో, ఇది రూపుదిద్దుకుంది. వరంగల్ ఆజంజాహి మిల్లుకు, కాగజ్‌నగర్ కాగితపు పరిశ్రమకు రాకపోకలు సాగించేందుకు ఇది ఉపయోగపడింది. స్వాతంత్ర్యం తరువాత కూడా కొన్నాళ్లు విమానాలు దిగినా 1980ల నాటికి ఈ రన్‌వే మూగబోయింది. దీనితో ముడిపడిన ఆజంజాహి మిల్లు గతి ఓరుగల్లు వాసులకు తెలిసిందే. వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతిలోకి వెళ్లి, చివరకు మూతపడింది. యంత్రాలు వేలానికి వెళ్లాయి, భవనాలు నేలమట్టమయ్యాయి, మిల్లు నేలలో ప్లాట్లు వెలిశాయి. ప్రజల ఆస్తి ఎన్నడు, ఎవరి సంతకంతో చేజారిందో సామాన్యుడికి తెలిసేసరికే అంతా ముగిసిపోయింది. మామునూరుకు ఆ గతి పట్టకూడదు.

ఒక సంతకానికి ఎంత శక్తి ఉంటుందో మామునూరే మనకు నేర్పింది. శంషాబాద్ విమానాశ్రయ నిర్మాణం, నిర్వహణ హక్కులను ప్రైవేటు భాగస్వామ్య సంస్థకు అప్పగిస్తూ 2004 డిసెంబరు 20న కేంద్రం ఒప్పందం చేసుకుంది. ఆ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుంచి 25 ఏళ్లపాటు, 150 కిలోమీటర్ల వాయు దూరంలో మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయరాదన్న నిబంధన అందులో ఉంది. శంషాబాద్ 2008 మార్చిలో ప్రారంభమైంది. అంటే 2033 దాకా మామునూరు తలుపులకు తాళం పడినట్టే. ఆ షరతు రాసేటప్పుడు జనగామ రైతును, మహబూబాబాద్ వ్యాపారిని, భూపాలపల్లి గని కార్మికుణ్ణి అడిగినవారు లేరు. ఇప్పుడు ఆ తాళం తీయడానికి సాక్షాత్తు ప్రభుత్వమే ఆ సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం కోరవలసి వచ్చింది. సంస్థ సమ్మతించడం హర్షణీయమే. కానీ ప్రజాస్వామ్యంలో ఒక ప్రాంత అభివృద్ధి ఒక కంపెనీ సమ్మతిపై ఆధారపడవలసి రావడం ఆలోచించదగ్గ విషయం.

ఒప్పందంలోని అంకెలూ తక్కువ పాఠం చెప్పవు. దిల్లీ విమానాశ్రయ నిర్వహణ సంస్థ తన రాబడిలో 45.99 శాతాన్ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి చెల్లించేలా ఒప్పందం కుదిరింది. శంషాబాద్ విషయంలో ప్రభుత్వానికి దక్కేది 4 శాతం రుసుము. తొలి పదేళ్ల రుసుమును తరువాత వాయిదాల్లో కట్టే వెసులుబాటు కూడా ఇచ్చారు. దిల్లీ అప్పటికే నడుస్తున్న విమానాశ్రయం, శంషాబాద్ కొత్తగా కట్టవలసినది గనుక రెండింటినీ ఒకే గాటన కట్టలేం. అయినా ఐదు వేల ఎకరాలకు పైగా భూమిని సమకూర్చిన రాష్ట్రానికి ఆ సంస్థలో మిగిలిన వాటా 13 శాతమే. మామునూరు సంగతి వేరు. ఇక్కడ భూమీ ప్రభుత్వానిదే, పెట్టుబడీ ప్రభుత్వానిదే కానున్నది. కట్టే కష్టం ప్రజలది, నడిపి లాభించే హక్కు వేరొకరిది అయ్యే ప్రమాదం ఇలాంటి చోటే ఎక్కువ.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2019లో అహ్మదాబాద్, లక్నో, జైపూర్, మంగళూరు, గువహతి, తిరువనంతపురం విమానాశ్రయాలను 50 ఏళ్ల నిర్వహణకు వేలం వేయగా ఆరింటినీ ఒకే సంస్థ దక్కించుకుంది. ఒక్కో ప్రయాణికుడికి ఎంత చెల్లిస్తారన్నదే అక్కడ పోటీకి కొలబద్ద. తిరువనంతపురానికి కేరళ ప్రభుత్వ సంస్థ 135 రూపాయలు ప్రతిపాదించగా గెలిచిన సంస్థ 168 రూపాయలు పలికింది. రాష్ట్ర ప్రభుత్వం న్యాయస్థానానికి వెళ్లినా ఫలితం దక్కలేదు. 2021 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన నేషనల్ మానిటైజేషన్ పైప్‌లైన్‌లో 25 విమానాశ్రయాలు చేరాయి. విజయవాడ, తిరుపతి వాటిలో ఉన్నాయి. చిన్న విమానాశ్రయాలను పెద్దవాటితో జతకట్టి ఒకే మూటగా అప్పగించాలన్న ఆలోచన కూడా ముందుకు వచ్చింది. నేడు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కట్టేది రేపు జాబితాలోకి ఎక్కదన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

యాజమాన్యం ఒకరిది, నిర్వహణ మరొకరిది అంటే ఏమిటో భూపాలపల్లి ప్రజలకు విడమరచి చెప్పనక్కరలేదు. తాడిచెర్ల బొగ్గు గనిని ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థకు కేటాయించి, తవ్వకాన్ని ప్రైవేటు సంస్థకు అప్పగించిన తీరు వారి కళ్లముందే ఉంది. పక్కనే ఉన్న సింగరేణి గనిలో పర్మనెంటు కార్మికుడి కుటుంబానికి ఉండే వారసత్వ ఉద్యోగపు భరోసా కాంట్రాక్టు కూలీకి ఎక్కడిది?

ఇక భూమి విషయం. 2013 భూసేకరణ చట్టం మూలంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. ప్రభుత్వం తన సొంత అవసరానికి భూమి తీసుకుంటే రైతుల ముందస్తు సమ్మతి తప్పనిసరి కాదు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టుకైతే 70 శాతం మంది, ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం మంది సమ్మతించాలి. నక్కలపల్లి, గాడిపల్లి, గుంటూరుపల్లి పరిసరాల రైతులు భూమి ఇస్తున్నది ప్రభుత్వ విమానాశ్రయానికి. కొన్నేళ్లకు దాని నిర్వహణను ప్రైవేటుకు అప్పగిస్తే, చట్టం కోరిన సమ్మతిని పక్కదారిన దాటవేసినట్టు కాదా? కాబట్టి ఆ అవకాశం ఉంటే ఇప్పుడే చెప్పాలి. లేకుంటే లేదని రాసివ్వాలి.

పరిహారం పట్టాదారు పేరున వస్తుంది. కానీ ఈ నేలపై బతికేవారందరూ పట్టాదారులు కారు. కౌలురైతులు, కూలీలు, సాదా బైనామాల మీద భూమి కొన్న చిన్నకారు కుటుంబాలు ఉన్నాయి. మన సముదాయంలో ఇలాంటివారే ఎక్కువ. మూడేళ్లుగా ఆ భూమిపై ఆధారపడిన కౌలుదారులను, కూలీలను కూడా బాధిత కుటుంబాలుగానే పరిగణించాలని చట్టం చెబుతున్నది. అది అమలయ్యేలా చూడటం కలెక్టర్ల విధి. జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ తన కొద్దిపాటి భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టులో ఎదిరించి, చివరకు ప్రాణాలే అర్పించాడు. కాగితం మీది హక్కును నేల మీద నిలబెట్టుకోవడానికి పేదవాడు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఆయన సమాధి నేటికీ చెబుతున్నది.

వక్ఫ్ ఆస్తుల విషయంలో మరింత అప్రమత్తత అవసరం. శంషాబాద్ కోసం సేకరించిన భూముల్లో, పహాడీషరీఫ్‌లోని హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ దర్గాకు చెందిన మామిడిపల్లి భూములు ఉన్నాయన్న వివాదం న్యాయస్థానాల దాకా వెళ్లింది. ముందుగా సర్వే చేసి ఉంటే ఆ తగవు తలెత్తేదే కాదు. 2025 వక్ఫ్ సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అన్న భావనను ఇకమీదట తొలగించడంతో, పత్రాలు లేని పల్లె ఖబరస్తాన్‌లు, ఆషుర్‌ఖానాలు, ఈద్గాల రక్షణ మరింత బలహీనపడింది. రన్‌వే ఒక్కటే కాదు. దానివెంట రహదారులు, గోదాములు, వెంచర్లు వస్తాయి. జనగామ నుంచి భూపాలపల్లి దాకా భూమి విలువ పెరుగుతుంది. విలువ పెరిగిన చోట దిక్కులేని భూమిపైనే మొదటి చూపు పడుతుంది. మూడు జిల్లాల మస్జిద్ కమిటీలు, ముతవల్లీలు తమ ఆస్తుల రికార్డులను ఇప్పుడే సరిచూసుకోవాలి. ఈ పని ప్రభుత్వం చేసిపెడుతుందని ఎదురుచూడటం తగదు.

ఉద్యోగాల లెక్క మరింత స్పష్టం. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రభుత్వ రంగ సంస్థ. దాని నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు వర్తిస్తాయి. నిర్వహణ ప్రైవేటు చేతికి వెళితే ఆ బాధ్యత ఉండదు. రాష్ట్రంలో బీసీ-ఇ వర్గానికి ఉన్న 4 శాతం కోటా ప్రైవేటు గడప దాటదు. దాన్ని 12 శాతానికి పెంచుతూ 2017లో శాసనసభ ఆమోదించిన బిల్లు కార్యరూపమే దాల్చలేదు. ఈ నష్టం ముస్లింలకే పరిమితం కాదు. మహబూబాబాద్ లంబాడా యువతకు, భూములిచ్చిన ఊళ్ల దళిత, బహుజన కుటుంబాలకు కూడా ఇదే గతి. చదువుకున్న పిల్లలకు విమానాశ్రయంలో మిగిలేది ఊడ్చే పని, కాపలా పనే అయితే దాన్ని అభివృద్ధి అని పిలవలేం.

విమానాశ్రయపు భవిష్యత్తు గురించి కూడా వాస్తవిక దృష్టి ఉండాలి. భవనం కట్టినంత మాత్రాన విమానాలు ఆగవు. ఉడాన్ పథకంపై కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తి చేసుకున్నవి 112. ఆ తరువాత 2023 మార్చి నాటికి నిలిచినవి 54 మాత్రమే. లాభమే కొలమానమైన నిర్వాహకుడు ఇలాంటి మార్గాలను ఎంతకాలం మోస్తాడు? మామునూరు నుంచి మొదట దేశీయ విమానాలే తిరుగుతాయి. హజ్, ఉమ్రా యాత్రికులు, గల్ఫ్ కార్మికులు మరికొంతకాలం శంషాబాద్ దారి పట్టక తప్పదు. మహబూబాబాద్ నుంచి రైలులో సికింద్రాబాద్ చేరి, అక్కడి నుంచి సామాన్లతో బస్సెక్కే వృద్ధ యాత్రికుల కష్టం తీరాలంటే, ఇమిగ్రేషన్, కస్టమ్స్ సదుపాయాలకు భవిష్యత్తులో చోటుండేలా నేడే నమూనా గీయాలి. మిర్చి, పత్తి, జౌళి సరుకుల రవాణాకూ అదే వర్తిస్తుంది.

మరో మార్గం లేదా అంటే, ఉంది. 1999లో ప్రారంభమైన కొచ్చి విమానాశ్రయంలో కేరళ ప్రభుత్వం ప్రధాన వాటాదారు. గల్ఫ్‌లో చెమటోడ్చిన వేలాది ప్రవాసులు చిన్న చిన్న వాటాలతో అందులో భాగస్వాములయ్యారు. భూమి కోల్పోయిన కుటుంబాలకు ఉద్యోగాలు, టాక్సీ అనుమతులు దక్కాయి. తెలంగాణ పల్లెల నుంచి కూడా లక్షలాది మంది గల్ఫ్‌కు వెళ్లారు. వారి కష్టార్జితానికి ఇక్కడ అలాంటి చోటు ఎందుకు ఉండకూడదు?

మా కోరికలు స్పష్టమైనవి, చట్టబద్ధమైనవి. మామునూరు నిర్వహణను ప్రైవేటుకు అప్పగించే ఆలోచన ఏనాడు వచ్చినా, ముసాయిదా ఒప్పందాన్ని ముందుగా తెలుగులో, ఉర్దూలో ప్రజల ముందుంచాలి. భూమి ఎన్నటికీ ప్రజల పేరునే ఉండాలి. మరో ఊరి విమానాశ్రయానికి తాళం వేసే షరతు అందులో ఉండరాదు. స్థానికులకు, నిర్వాసితులకు, రిజర్వుడు వర్గాలకు ఉద్యోగాల్లో వాటాను ఒప్పందంలోనే రాయాలి. వక్ఫ్, దేవాదాయ, అసైన్డ్ భూముల సర్వే పూర్తయ్యాకే విస్తరణ పనులు సాగాలి. ఈ కోరికలపై మూడు జిల్లాల ప్రజాప్రతినిధులు పార్టీలకతీతంగా సంతకం చేయాలి.

2004లో మనం అడగలేదు. అందుకు ఇరవై ఏళ్లు ఎదురుచూశాం. ఈసారి రన్‌వే పూర్తికాకముందే అడుగుదాం.