కలను కళ చేసే కీబోర్డు

డాలస్‌లో ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మా తెలుగు తరగతి మొదలవుతుంది. పిల్లలంతా ఇళ్ల నుంచే జూమ్‌లోకి వస్తారు. గత నెల ‘నిన్న రాత్రి’ గురించి నాలుగు వాక్యాలు రాసి పంపమన్నాను. తొమ్మిదేళ్ల పాప ఒకతె ‘రాత్రి నాకు కళ వచ్చింది’ అని పంపింది. అలా ఎందుకు రాశావమ్మా అని అడిగితే, ‘కె, ఎ, ఎల్, ఎ కొట్టాను టీచర్‌గారూ, అదే వచ్చింది’ అంది.

తప్పు పాపది కాదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైపు చేసే కీబోర్డు కల, కళ, కాల అంటూ కొన్ని మాటలు చూపిస్తుంది. తెలుగు వచ్చినవాళ్లు సరైనదాన్ని ఎంచుకుంటారు. నేర్చుకుంటున్న పిల్లలు ముందు కనిపించినదాన్ని నొక్కేస్తారు.

టెక్నాలజీని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. 2020లో కరోనా వల్ల గుడి హాల్లో తరగతి ఆగిపోయినప్పుడు బడిని నిలబెట్టింది ఈ తెరే. చుట్టుపక్కల మరో తెలుగు కుటుంబం లేని ఊరి నుంచి ఇద్దరు పిల్లలు ఇప్పుడు మాతో చదువుతున్నారు. వేసవిలో మాకు ఉదయం తొమ్మిదైతే గుంటూరులో రాత్రి ఏడున్నర. ఆ వేళకు అక్కడి నుంచి ఒక అమ్మమ్మగారు వచ్చి కథ చెబుతారు. పుస్తకంలో దొరకని పలుకుబడి అలా పిల్లల చెవిన పడుతోంది.

అయితే అందరూ ఒకే గొంతుతో గుణింతం చదవడం జూమ్‌లో కుదరదు. ఒక్కొక్కరి మాట ఒక్కో క్షణం ఆలస్యంగా చేరి అంతా గందరగోళమవుతుంది. అందుకని ఒకరి చేత చదివించి మిగతావారిని మ్యూట్‌లో పెడుతున్నాం. గుంపులో గొంతు కలిపే బిడియస్తులు, ఒంటరిగా చదవమంటే నోరు విప్పడం లేదు.

అందుకే రెండు మార్పులు చేశాం. నెలకో ఆదివారం దగ్గర్లో ఉన్నవాళ్లంతా హాల్లో కలిసి పైకి చదవాలి. మొదటి ఏడాది రాత అంతా కాగితం మీద చేత్తోనే రాసి, ఫొటో తీసి పంపాలి. కీబోర్డు రెండో ఏడాదే, అదీ ఇన్‌స్క్రిప్ట్. అందులో ‘ల’, ‘ళ’ ఒకే మీట మీద ఉన్నా, ‘ళ’ కావాలంటే షిఫ్ట్ కలిపి నొక్కాలి. ఒత్తులూ దీర్ఘాలూ పిల్లలే పెట్టుకోవాలి.

‘ఈ రోజుల్లో చేత్తో ఎవరు రాస్తున్నారండీ?’ అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. నిజమే, పెద్దయ్యాక వాళ్లూ రాయకపోవచ్చు. కానీ ‘ల’, ‘ళ’ తేడా తెలిసిన పిల్లలే కీబోర్డు చేసిన తప్పును పట్టుకోగలరు. లేకపోతే తాము పంపిన తెలుగును తామే చదవలేని పరిస్థితి వస్తుంది.

ఈ వారం ఒక పని చేయండి. మీ పిల్లలు ఊళ్లో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో పంపిన సందేశాన్ని వాళ్ల చేతే పైకి చదివించండి. ఎక్కడ ఆగుతారో గమనిస్తే, ఏం నేర్పాలో మీకే తెలుస్తుంది.