కొడవలి కొనేటప్పుడు ధర కాదు, ఉక్కు అడగాలి

ఎరువు బస్తా మీద నత్రజని ఎంత, భాస్వరం ఎంత అని చదువుతాం. విత్తనం సంచి మీద లేబుల్ చూస్తాం. కొడవలి దగ్గరికి వచ్చేసరికి ధర అడిగి, పిడి పట్టి చూసి తెచ్చేసుకుంటాం. ఏ ఉక్కుతో చేశారో మనం అడగం, అమ్మేవాడు చెప్పడు.

కోత మిషన్లు వచ్చాక కొడవలెందుకు అంటారు కొందరు. పడిపోయిన వరికి, మిషన్ దిగని బురద మడికి, గట్ల మీద గడ్డికి ఇప్పటికీ కొడవలే దిక్కు. ఆ పని చేసేది చిన్న రైతులు, కౌలు రైతులు, కూలికి వచ్చే ఆడవాళ్ళు. పదును పోయిన కొడవలితో కోస్తే నొప్పి పుట్టేది వాళ్ళ మణికట్టుకే.

పోయిన కోతల్లో మా మడిలో రెండు రకాలూ వాడి చూశాం. దుకాణంలో కొన్న కొడవలికి మధ్యాహ్నంలోపు మూడుసార్లు సాన పట్టాల్సి వచ్చింది. లారీ కమాన్ పట్టీతో మా ఊరి కమ్మరి చేసిన కొడవలికి ఒక్కసారితో సరిపోయింది.

కారణం కార్బన్. కిటికీ చువ్వల్లాంటి మెత్తని ఇనుములో అది పావు శాతం దాటదు. కాల్చి ముంచినా పెద్దగా గట్టిపడదు. కమాన్ పట్టీలో అర శాతానికి పైనే ఉంటుంది. ఆకురాయిలో ఒక శాతం, ఆపైన. కార్బన్ ఉంటే చాలదు, కాల్చి చల్లార్చడం తెలిసిన చేయి కూడా ఉండాలి. వరి గడ్డిలో ఇసుకలో ఉండే సిలికాయే ఉంటుంది. కోసే కొద్దీ అది అంచును అరగదీస్తుంది. మెత్తని ఇనుము దాని ముందు ఆగదు.

తుప్పు పట్టని స్టీలంటే పదును నిలిచే స్టీలని అనుకోవద్దు. తుప్పును ఆపేది క్రోమియం, గట్టిదనం ఇచ్చేది కార్బన్. నిమ్మకాయ, మామిడికాయ కోసే జేబు చాకుకు స్టెయిన్‌లెస్ మేలే. రోజంతా ఆడే కొడవలికి కమాన్ పట్టీయే నయం. పని అయ్యాక తుడిచి నూనె రాస్తే చాలు.

పాత కొడవలి అంచు మీద ఆకురాయి రాసి చూడండి. సులువుగా కోసుకుపోతే మెత్తది, కష్టం మీద అరిగితే గట్టిది. మోటారు సాన మీద అంచు నీలంగా మారితే అక్కడ గట్టిదనం తగ్గిపోయినట్టే. నీళ్ళలో తడుపుతూ పట్టించండి.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. అలాంటి నేల మీద రైతు ఈనాడు పేరులేని ఇనుము కొంటున్నాడు.

మన సంఘం రెండు అడగాలి. అమ్మే ప్రతి కొడవలి మీదా ఉక్కు రకం ముద్రించాలి. యంత్రాలకు ఇచ్చే సబ్సిడీలో చేతి పనిముట్లకు, ఊరి కొలిమికి వాటా ఉండాలి. ట్రాక్టరు కొనలేని వాడికి కొడవలే యంత్రం.