ఇంజనుకు పానం పోసిండ్రు, మరి దాన్ని నడిపినోళ్ల ముచ్చట?

సూర్యాపేట 2016లో జిల్లా అయింది గానీ, పట్నంల రైల్వే స్టేషన్ లేదు. రైలెక్కాలంటే మిర్యాలగూడకో, నల్లగొండకో పోవాలె. కోదాడోళ్లయితే ఖమ్మమో, బెజవాడో పట్టుకోవాలె. మిర్యాలగూడ లైనుకు 1974లో పునాదిరాయి వేస్తే, రైలు నడిచేసరికి ఎనభైల ఆఖరు వచ్చింది. అప్పటికి ఆవిరింజన్ల కాలమే అయిపోవస్తున్నది.

ఇట్లాంటి జాగల ఉండి ఆవిరింజను గురించి రాసుడేందని మీరు అడగొచ్చు. అడగాలె గూడ. జవాబు చెప్తా, జర ఓపిక పట్టండ్రి.

ఫెయిరీ క్వీన్ అని ఒక ఇంజనున్నది. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌ల తయారై కలకత్తాకు వచ్చింది. ఈస్ట్ ఇండియన్ రైల్వేల దాని నంబరు 22. హౌరా నుంచి రాణిగంజ్ దాకా టపా బండ్లు గుంజింది. 1857 తిరుగుబాటప్పుడు తెల్లోళ్ల సిపాయిలను మోసింది. అంటే మనోళ్లను అణిచే పని గూడ చేసింది, అది మరువొద్దు. 1909లో పక్కకు పెట్టిండ్రు. శానా ఏండ్లు హౌరా స్టేషన్ బయట బొమ్మ లెక్క నిలబడ్డది.

1997లో దానికి మళ్లా పానం పోసి, ఢిల్లీ నుంచి అల్వార్‌కు టూరిస్టులతోని నడిపిండ్రు. మరుసటేడు గిన్నిస్ బుక్కుల పేరెక్కింది. 2011లో దొంగలు వడి, దాని భాగాలు ఊడబీక్కపోయిండ్రు. ప్రపంచంలనే పేరున్న ఇంజనుకు మన సర్కారు పెట్టిన కావలి గంతే! 1855 నాటి సామాను ఏ దుకాణంల దొరుకుతది? ఒక్కొక్కటి కొలత తీసి చేసుకోవాల్సిందే. ఆ పని చెన్నైల పెరంబూర్ లోకో వర్క్‌షాపు కార్మికులు చేసిండ్రు. మళ్లా 2017 ఫిబ్రవరిల గాని అది టూరిస్టు బండి గుంజలే.

పేపర్లల్ల ఇంజను ఫొటో వచ్చింది. దాన్ని బాగుచేసిన కార్మికుల పేర్లు ఎంతమందికి తెలుసు?

నా లొల్లంత ఇక్కడనే. ఆవిరింజను మీట నొక్కితే నడిచేది కాదు. రైలు కదిలే కొన్ని గంటల ముందే మంట పెట్టాలె. బొగ్గు ఒక్కకాడ కుప్ప పోస్తే మంట సస్తది, పల్సగ సమానంగ చల్లాలె. మిట్ట ఎక్కెముందే ఆవిరి కూడబెట్టుకోవాలె. అన్నిటికంటే ముఖ్యం బాయిలర్ల నీళ్లు. మంటగూడు పైకప్పుకు సీసం నింపిన ఒక మర ఉంటది. నీళ్లు తగ్గితే సీసం కరిగి, ఆవిరి మంట మీద పడి హెచ్చరిస్తది. అది గూడ పట్టించుకోకుంటే బాయిలర్ పేలి పానాలు పోతయి. డ్రైవరు, ఫైర్‌మ్యాన్ ఆ వేడిల నిలబడి చప్పుడు వినే ఇంజను రోగం చెప్పేటోళ్లు. ఈ ఇద్య బుక్కులల్ల సగమే ఉన్నది. తక్కిన సగం చేతులల్ల ఉన్నది.

ఆ చేతులు మనకు దగ్గర్లనే ఉన్నయి. ఖాజీపేట, డోర్నకల్ షెడ్లల్ల ఆవిరింజన్లు ఉండేవి. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. 1970లో ఇరవై ఏండ్లకు కొలువుల చేరినోళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటినయి.

అసలు నిజాం రాజ్యంల పట్టాలు ఎవలి కోసం వచ్చినయి? 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు, 1889 నాటికి బెజవాడకు. ఇల్లెందు బొగ్గు డోర్నకల్ మీదికెళ్లి పోయింది. కంపెనీకి లాభమొచ్చినా రాకున్నా పెట్టుబడికి వడ్డీ గ్యారంటీ, అది గూడ మన ఖజానా మీదనే. 1883లో చాందా రైల్వే ఒప్పందం ముచ్చట బయట పెట్టుండ్రని కొందరు చదువుకున్నోళ్లు గట్టిగ అడిగిండ్రు. అందుల సరోజినీ నాయుడు నాయిన అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. లెక్క అడిగినందుకు ఆయన్ను రాజ్యం దాటిచ్చిండ్రు.

ఇప్పుడు లెక్క అడిగితే ఊరు దాటించరు. పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద దక్షిణ మధ్య రైల్వేను అడుగుండ్రి: పాత ఇంజన్లకు రంగులేసి నిలబెట్టెతందుకు ఎంత పెట్టిండ్రు? వాటిని నడిపిన కార్మికుల మాటలు రికార్డు చేసెతందుకు ఎంత పెట్టిండ్రు? రెండో ప్రశ్నకు సున్నా అనొస్తే, ఆ కాయితం అందరికీ చూపెట్టుండ్రి. సూర్యాపేట లైను ముచ్చట గూడ అదే దరఖాస్తుల ఇంకో ప్రశ్నగ వెయ్యొచ్చు, వద్దన్నోడెవడు?

జవాబు వచ్చేదాక ఊకె కూసోవద్దు. అందరి చేతుల ఫోనున్నది. మీ చుట్టాలల్ల రైల్వేల చేసిన తాతలుంటే ఒక పూట వాళ్ల కాడ కూసోండ్రి. జీతమెంత, ఎన్ని గంటల డ్యూటీ, సమ్మెల ఉన్నరా, ఏ బొగ్గు బాగ మండేది, కాలిన మచ్చ ఏ చెయ్యి మీద ఉన్నది... ఇట్లనే అడగండ్రి. తాత పేరు, షెడ్డు పేరు, తారీకు ముందుగాల చెప్పి రికార్డు మొదలువెట్టుండ్రి.