పాఠపరిష్కర్త చేతి ఎడిటరు

తాళపత్ర ప్రతులను పోల్చి పాఠనిర్ణయము చేయువారికి లేఖకుల ప్రమాదములు సుపరిచితములు. అక్షరము జారుట, అరసున్న లోపించుట, ఒక ఒత్తు మరియొకటిగ మారుట వారు సులభముగ గుర్తింపగలరు. నేడు మన పాఠములను వ్రాసి నిలుపుచున్నది కంప్యూటరు నందలి టెక్స్ట్ ఎడిటరు. ఆ ఎడిటరును ఎవరు, ఎట్లు ప్యాకేజిగ కూర్చి మన యెదుట నుంచిరో మనము విచారించుట లేదు. అది సాంకేతికుల పని యని ఉపేక్షించుచున్నాము. అది పాఠపరిష్కరణమున ఒక భాగమని నా యభిప్రాయము.

ఉదాహరణమునకు గ్నూ ఈమాక్స్‌ను తీసికొందము. 1985లో తొలిసారి వెలువడిన యీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లినక్స్, విండోస్, మ్యాక్ వ్యవస్థలు మూటియందును పనిచేయును. తెలుగు టైపింగునకు ఇన్‌స్క్రిప్టు, ఐట్రాన్స్ పద్ధతులు దానియందే కలవు. అయినను పేరొకటియైనంత మాత్రమున ప్యాకేజులన్నియు ఒకటి కావు. 2020 నాటి 27.1 విడుదల మొదలు గుణింతములను, ఒత్తులను తెరపై సరిగ కూర్చు పనిని హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ నిర్వహింపగలదు. లినక్స్‌పై ప్యాకేజిని నిర్మించు యంత్రమున ఆ లైబ్రరీ లేనిచో నిర్మాణ మాగదు. అది లేదని యొక పంక్తి మాత్రము నమోదై పని కొనసాగును. ఆంగ్లము వ్రాయువారికి ఈ లోపము తెలియనే తెలియదు. తెలుగు వ్రాయువారికి మాత్రము, ఆ పని చేయు వేరొక లైబ్రరీ యేదియు లేనపుడు, సంయుక్తాక్షరములు విడివడి కనబడును.

కనబడు దోషముకంటె కనబడని దోషము ప్రమాదకరము. యూనికోడు నందు ఐత్వమును రెండు విధముల వ్రాయవచ్చును: ఒకే సంకేతముతో నొకటి, ఎత్వ సంకేతమునకు ఐత్వపు తోక సంకేతమును జతచేసి మరియొకటి. ఈ రెండును సమానములని ప్రమాణమే చెప్పుచున్నది. తెరపై 'కై' ఒకే తీరున కనబడును. కాని సంకేతములను మాత్రమే చూచి వెదకునపుడు ఒకదానికై వెదకిన రెండవది దొరకదు. రెండు ప్రతులను యంత్రముచే పోల్చినచో లేని పాఠభేదము పుట్టును. కన్నడ ఐత్వమునందును, తమిళ, మలయాళ, వంగ లిపుల ఓకార చిహ్నములందును ఇట్టి ద్వైవిధ్యము కలదు. వీనిని ఏకరూపము చేయు ఆజ్ఞ ఈమాక్స్‌లో నున్నది. దాని నెప్పుడు ప్రయోగింపవలెనో నిర్ణయింపవలసినవారు పరిష్కర్తలు.

ఉన్న భేదము నశించుటయు కలదు. పూర్వపు వ్రాతలలో అచ్చులేని నకారమునకు ప్రత్యేకరూపమైన నకారపొల్లునకు యూనికోడులో 2021లో గాని స్థానము లభింపలేదు. ఆ రూపము లేని ఫాంటులే యున్న యంత్రమున ఆ చోట ఖాళీ గడి కనబడును. దానితో విసిగి సామాన్యమైన 'న్' వ్రాసికొన్నచో మూలప్రతి లక్షణ మొకటి పోయినట్లే.

డెబియన్ వ్యవస్థలో ఒక ప్యాకేజి తనకు కావలసినవానిని మూడు తరగతులుగ పేర్కొనును. లేనిదే పని జరుగనివి తప్పక స్థాపితమగును. సామాన్యముగ ఉండదగినవి, వలదనిన తప్ప, తోడుగ వచ్చును. ఉన్నచో మేలైనవి కోరిననే వచ్చును. భారతీయ లిపుల ఫాంటులు మూడవ తరగతిలో నుండుటకు, లేదా పేర్కొనబడకయే పోవుటకు, మనము అలవాటుపడితిమి. తెలుగు పాఠమును పరిష్కరించువారికి అవి మొదటి తరగతివి.

కావున మన శాఖలు కలసి ఒక చిన్న ప్యాకేజిని కూర్చుకొనవలెను. మూల ఎడిటరును మార్చ నక్కరలేదు. హార్ఫ్‌బజ్‌తో నిర్మితమైన ఎడిటరు, అరసున్న, బండిఱ, నకారపొల్లు గల ఫాంటు, తెలుగునకు ఆ ఫాంటును, ఒత్తులు తెగని పంక్తుల ఎడమును నిర్దేశించు అమరిక దస్త్రము, ఐత్వాదులను గూర్చిన నియమము చాలును. విండోస్, మ్యాక్ వాడువారికి ప్యాకేజిని వేరుగ కట్టవలసి వచ్చినను అమరిక దస్త్రము చాలవరకు అదియే పనికివచ్చును.

ఇందువలన పండితుల స్వాతంత్ర్యము పోవునని కొందరు శంకింపవచ్చును. డెబియన్ ప్యాకేజి నియమము ప్రకారము, వాడువారు సవరించుకొన్న అమరిక దస్త్రమును కొత్త విడుదల అడుగకుండ తుడిచివేయరాదు. ఆ శంక కట్లు సమాధానము కలదు. అసలు కష్టము వేరు. ఇట్టి ప్యాకేజిని ఒకసారి కూర్చి విడిచిన చాలదు. ఎడిటరు, ఫాంటు, యూనికోడు మారినపుడెల్ల సవరించుచుండవలెను. ఆ శ్రమను పరిశోధనగ లెక్కింపనిచో దానికి పూనుకొను యువపరిశోధకులు దొరకరు. ప్రతుల పట్టిక తయారుచేసినవారికి ఇచ్చు గౌరవమే వీరికిని ఇయ్యవలెను.

పరిష్కృత గ్రంథపు పీఠికలో ఏ ప్రతులను ఆధారముగ గొంటిమో చెప్పుట మన సంప్రదాయము. ఏ ఎడిటరు, ఏ విడుదల, ఏ ఫాంటు, ఏ అమరికతో పాఠమును సిద్ధపరచితిమో ఆ పీఠికయందే తెలుపుట ఇకనైన ఆరంభింతము.