జింకను వేటాడేదెవరు?

భద్రాచలం దగ్గరి పర్ణశాలకు వెళితే ఎవరికైనా గుర్తొచ్చేది బంగారులేడి. మరి ఆ చుట్టుపక్కల అడవుల్లోని అసలు జింకలను వేటాడేదెవరు? పులి అంటారు చాలామంది. కానీ ఇక్కడది అరుదైన అతిథి.

ఎక్కువ వేట చిరుతది, రేచుకుక్కలది. చిరుత పొదల చాటున పొంచి, దగ్గరికొచ్చాక ఒక్క దూకుతో గొంతు పట్టేస్తుంది. రేచుకుక్కలు గుంపుగా తరుముతాయి. మొరగవు, ఈలలాంటి కూతలతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. పిల్లల కోసం నక్కలూ కొండచిలువలూ కాచుకుంటాయి. కిన్నెరసాని జలాశయంలో నీళ్లు తాగుదామంటే మొసలి భయం!

చుక్కల దుప్పీ తక్కువదేం కాదు. కొండముచ్చులున్న చెట్ల కింద మేస్తుంది. అవి తుంచి పడేసిన ఆకులు దీనికి విందు. కొమ్మమీంచి చిరుతను చూసి కొండముచ్చు అరిచిందా... మంద మొత్తం పరుగే.

పాపం అనిపించినా, ఈ వేట అడవికి అవసరం. తినే జంతువులు లేకపోతే దుప్పులు పెరిగిపోయి, మొలకలన్నీ మేసేస్తాయి. ఆ తర్వాత పంటచేల మీద పడతాయి.

కిన్నెరసాని 1977లోనే అభయారణ్యమైంది. అయినా అడవి అంచుల్లో దుప్పికి మరో ముప్పుంది... ఉచ్చులు, కరెంటు తీగలు, ఊరకుక్కలు. చిరుత తిండి కోసం చంపుతుంది. అడవిపందికని పెట్టిన తీగకు దుప్పి, చిరుత, మనిషి అన్న తేడా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని చంపడం నేరం కూడా.

వేసవిలో నీళ్ల కోసం ఊరిదాకా వచ్చిన దుప్పి కనిపిస్తే మనం చేయాల్సింది ఒకటే. కుక్కల్ని అదిలించి, అటవీ సిబ్బందికి కబురు పెట్టాలి.